రోదసిలో రైసుమిల్లు

చప్పుడు చెయ్యని యంత్రం పనిచెయ్యని యంత్రమేనని మన ప్రభుత్వం తేల్చేసిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. తెలియకపోతే మీరు పేపరు చదవరన్నమాట, అది మీ ఖర్మ.

ఆ మధ్య ఒకానొక మంత్రిగారు ఒకానొక ఎత్తిపోతల పథకం దగ్గర మోటారు మీట నొక్కారు. మోటారు కొత్తది, మేలైనది, కిక్కురుమనలేదు. నీళ్ళు గొట్టమెక్కి కాలవలో పడేసరికి కాస్త ఆలస్యమైంది. ఈలోగా మంత్రిగారు చప్పట్లు కొట్టి, ఆపి, మళ్ళీ కొట్టాలా వద్దా అని అటూ ఇటూ చూసి, కారెక్కి వెళ్ళిపోయారు. మర్నాడు ప్రతిపక్షంవాళ్ళు మోటారు బొమ్మకి నోట్లో గుడ్డలు కుక్కి ఊరంతా ఊరేగించారు. ఆ వారంలోనే జీవో వచ్చేసింది: "ప్రభుత్వ నిధులతో నిర్మింపబడిన ప్రతి యంత్రమూ, తాను పనిచేయు స్థలమునందే, పనిచేయుచున్నంత సేపూ, ముఖ్య అతిథికి వినబడునట్లు శబ్దము చేయవలెను."

జీవో అంటే జీవోయే. జిల్లా ఆసుపత్రిలో టీకాలు దాచే ఫ్రిజ్‌కి గంట కట్టారు. కలెక్టరాఫీసు మేడ మీద సోలారు పలకల పక్కన పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా ఇద్దరు డప్పులవాళ్ళని కూర్చోబెట్టారు. మబ్బు పట్టినప్పుడు మెల్లిగా కొట్టాలని వాళ్ళకి ప్రత్యేకంగా శిక్షణ ఇప్పించారు. ఇదంతా చూసుకోవడానికి యంత్ర శబ్ద అమలు శాఖ అని ఒకటి వెలిసింది. దానికి చతుర్భుజరావుగారు ముఖ్య కార్యదర్శి అయ్యారు. ఇంతవరకూ అంతా సవ్యంగానే నడిచింది. చిక్కల్లా డాక్టర్ మజ్జి సువర్చల ఇంజనుతో వచ్చింది.

విజయనగరం దాటి, జీడితోటల మధ్య, రాష్ట్ర భావి అంతరిక్ష చోదక పరిశోధన సంస్థ అని ఒకటుంది. పేరు బోర్డు మీద పట్టక చివరి మాట గోడ మలుపు తిరిగి పక్కవైపుకి పోయింది. అక్కడ సువర్చల తన ఉద్యోగ జీవితంలో సగం ఒక్క ఇంజను మీద పెట్టింది. ఇది నిప్పులు కక్కే రాకెట్టు బాపతు కాదు. జెనాన్ అనే వాయువుని కరెంటుతో విడగొట్టి, ఆ కణాలని విపరీతమైన వేగంతో వెనక్కి చిమ్ముతుంది. అవి వెనక్కి పోతూంటే బండి ముందుకి పోతుంది. బండిని నెట్టే ఈ తోపు ఎంతంటారా, అరచేతిలో తమలపాకు పెట్టుకుంటే ఎంత బరువు తెలుస్తుందో అంత. నవ్వకండి. భూమ్మీద అది కిటికీ కర్టెన్ని కూడా సరిగ్గా కదల్చదు గానీ, అడ్డూ ఆపూ లేని రోదసిలో ఆ తమలపాకు తోపే నెలల తరబడి ఆగకుండా నెడుతూ ఉంటే, బండి వేగం పెరిగి పెరిగి గ్రహాలు దాటిపోతుంది. రేపటి ప్రయాణాలన్నీ ఇలాంటి ఇంజన్ల మీదేనని ఆవిడ నమ్మకం.

ఆవిడకి కావలసింది ఒక్కటే. ఆ ఇంజను ఒక్కసారి పైకెళ్ళి పనిచెయ్యాలి. రోదసిలో పనిచేసినట్టు రుజువు లేని ఇంజనుని ప్రపంచంలో ఎవరూ ముట్టుకోరు, బల్ల మీద అది ఎంత బాగా పనిచేసినా సరే. ఎన్నో ఏళ్ళు కాళ్ళరిగేలా తిరగ్గా తిరగ్గా, సముద్రతీరం ఫొటోలు తీసే ఒక చిన్న ఉపగ్రహంలో చోటు దొరికింది. అది కాస్త కింద కక్ష్యలో తిరుగుతుంది. అక్కడ మిగిలి ఉన్న పల్చటి గాలి పొర దాన్ని కొద్దికొద్దిగా కిందికి లాగుతుంటుంది. సువర్చల ఇంజను దాన్ని పడిపోకుండా నెడుతూ ఉండాలి. ఇంతకంటే మంచి అవకాశం రాదు. ఇది తప్పితే మళ్ళీ అవకాశమే రాకపోవచ్చు కూడా.

పైకి పంపే ముందు శబ్ద ధ్రువీకరణ కావాలి కనక చతుర్భుజరావుగారు స్వయంగా వచ్చారు. డైరెక్టరు దువ్వూరి నరసింగరావు పూలగుచ్ఛం ఇచ్చి, శాలువా కప్పి, ప్రయోగశాలలోకి తీసుకొచ్చాడు. గాలి తీసేసిన పెద్ద ఉక్కు పీపా, దానికో గాజు కిటికీ, లోపల ఇంజను.

"ఆరంభించండి," అన్నారు చతుర్భుజరావు.

"ఆరంభించి చాలాసేపైందండీ. ఇదిగో, కిటికీలోంచి చూడండి, నీలం వెలుగు," అంది సువర్చల. ఆ వెలుగు చూసినప్పుడల్లా ఆవిడ మొహం చంటిపిల్లని చూసినట్టు మెత్తబడిపోతుంది.

"సదరు నీలం వెలుగు విషయమై నాకు అభ్యంతరం లేదు. వెలుగు విద్యుత్ శాఖ పరిధిలోనిది. నేను శబ్దం నిమిత్తం వచ్చాను." ఆయన వంగి పీపాకి చెవి ఆనించారు. కాసేపటికి మొహం వెలిగింది. "ఆఁ! డుర్రుమంటోంది! బాగు బాగు!"

"అది గాలి తోడే పంపండీ. ఇంజను కాదు."

నరసింగరావు ఆవిడ కాలు తొక్కాడు గానీ అప్పటికే ఆలస్యమైపోయింది. ఆ ఒక్క ముక్క నోరు మూసుకుని మింగేసి ఉంటే ఇంత కథే లేదు. కానీ సువర్చలకి అబద్ధమాడ్డం చేతకాదు. చదువుకునేటప్పుడు ఎవరూ నేర్పలేదు, ఉద్యోగంలో చేరాక నేర్పబోతే నేర్చుకోలేదు.

చతుర్భుజరావుగారు నిటారుగా లేచి, చెవి తుడుచుకుని, "సదరు యంత్రం పనిచేయుట లేదని గమనించడమైనది," అని ప్రకటించి భోజనానికి వెళ్ళిపోయారు.

సాయంత్రం నరసింగరావు ఆవిడని గదిలోకి పిలిచి బతిమాలాడు. "అమ్మా సువర్చలా, ఓ చిన్న చప్పుడు. పక్కన పెట్టేద్దాం. నీ ఇంజను నీదే, వాళ్ళ చప్పుడు వాళ్ళది. పోయేదేముంది చెప్పు?"

పోయేదేమీ లేదనే ఆవిడకీ అనిపించింది. ఇంజను పైకెళ్ళడం ముఖ్యం గానీ పక్కన ఏం మోగితే ఏం? సరేనంది. అనకుండా ఉండాల్సింది.

మర్నాడే శబ్ద సలహాదారుగా పోలారావు దిగాడు. చుట్టుపక్కల పెళ్ళిళ్ళకీ, జాతరలకీ, ఎన్నికల సభలకీ మైకు సెట్లు పెట్టే మనిషి. మెళ్ళో బంగారు గొలుసు, వెనకాల వ్యాను నిండా నల్ల పెట్టెలు.

"మీరేటీ గాబరా పడకండి మేడమ్. మొన్న అమ్మోరి జాతరకి నా బాక్సులు పెడితే పక్కూర్లో పశువులు పలుపులు తెంపుకున్నాయి. మీ ఇంజనెంత! దద్దరిల్లగొట్టేద్దుం."

"దద్దరిల్లక్కర్లేదు పోలారావుగారూ. కొంచెంగా వినపడితే చాలు."

"కొంచెమేటి మేడమ్! గ్రహాలకెల్లే ఇంజనండీ. కొంచెంగా ఇనపడితే జనం నవ్వరా?"

ఏ చప్పుడు పెట్టాలో తేల్చడానికి శబ్ద ఎంపిక ఉపసంఘం వేశారు. ఉపసంఘం వరసగా చప్పుళ్ళు వింది. పాత లారీ, వరికోత మిషను, చెరుకు గానుగ, బుల్లెట్టు బండి. బుల్లెట్టు కుర్రకారుదని కొట్టేశారు. జెట్ విమానం విదేశీ శబ్దమని కొట్టేశారు. ముందు సన్నాయి వాయించి తర్వాత ఇంజను మొదలుపెడితే శుభప్రదమని ఒక సభ్యుడు పట్టుబట్టి, ఒప్పుకోకపోతే లేచిపోతానన్నాడు. చివరికి పాత రైసుమిల్లు చప్పుడు ఏకగ్రీవమైంది. అది వింటే ప్రజలకి అన్నం గుర్తొస్తుందనీ, అన్నం గుర్తొస్తే ప్రభుత్వం గుర్తొస్తుందనీ చతుర్భుజరావుగారు సెలవిచ్చారు. సన్నాయి సభ్యుడి కోసం మొదట్లో ఒక చిన్న బిట్టు కలిపారు.

ఆ మధ్యాహ్నం సువర్చల ఇంజను పక్కన రైసుమిల్లు మోగుతుంటే కార్యదర్శిగారు చప్పట్లు కొట్టి, ధ్రువీకరణ పత్రం మీద సంతకం పెట్టబోయి, కలం ఆపారు.

"ఈ ఇంజను పనిచేయు స్థలమేది?"

"రోదసండీ."

"మరి శబ్దం ఇక్కడ చేయుచున్నదేమి? 'పనిచేయు స్థలమునందే' అని జీవోలో స్పష్టంగా ఉన్నది."

సువర్చల ముందుకొచ్చింది. "రోదసిలో శబ్దం వినపడదండీ. శబ్దం పాకాలంటే గాలి ఉండాలి. అక్కడ గాలి ఉండదు."

"గాలి ఉండదా? మరి గాలి ఉపగ్రహాన్ని కిందికి లాగుచున్నదనీ, అందుకే ఇంజను కావాలనీ మీరే కదా రాసిచ్చారు?"

"అది చాలా పల్చటి గాలండీ. లాగడానికి ఉంటుంది గానీ..."

"లాగడానికి ఉన్న గాలి మోగడానికి ఉండదా? ఒకే గాలి ఒక శాఖకు ఉండి మరొక శాఖకు లేకపోవడమేమిటి? ఉన్నదా, లేదా? ఒక్కమాటలో చెప్పండి."

ఒక్కమాటలో చెప్పడం ఆవిడ వల్ల కాలేదు. పాపం, ఎవరి వల్లా కాదు. నరసింగరావు కల్పించుకుని, గాలి కొరత ఉందని ఒప్పేసుకున్నాడు.

"కొరత ఉంటే సరఫరా చేయాలి. ఎండల్లో మనం ట్యాంకర్లతో నీళ్ళు పంపడం లేదా?" అన్నారు చతుర్భుజరావు. అలా ఒక పెట్టెలో గాలి నింపి, ఆ గాలిలో స్పీకరు పెట్టి, స్పీకరు ఎదురుగా మైకు పెట్టి, ఆ మైకు విన్నది రేడియోలో భూమికి పంపి, ముఖ్య అతిథికి వినిపించాలని తీర్మానమైంది.

సువర్చల ఆఖరి ప్రయత్నం చేసింది. "అంత తిప్పలెందుకండీ? ఆ రికార్డేదో ఇక్కడే వేసి వినిపించేస్తే సరిపోతుంది కదా?"

సభ నివ్వెరపోయింది. చతుర్భుజరావుగారు కళ్ళద్దాలు తీసి ఆవిడ వైపు జాలిగా చూశారు. "ప్రభుత్వాన్ని మోసం చేయమంటారా, డాక్టరుగారూ?"

తర్వాతి సంగతి బరువు. రాకెట్టువాళ్ళు ఖండితంగా ఇంత బరువుకి మించి ఎక్కించేది లేదన్నారు. ఇక్కడ చూస్తే గాలి పెట్టె, స్పీకరు, మైకు, ఆంప్లిఫయరు, వాటికో బ్యాటరీ, అది పోతే ఇంకో బ్యాటరీ. దానికి తోడు పోలారావు, "ఒక్క బాక్సు పెడితే పరువు తక్కువ సార్. జత ఉండాల. ఎడమపక్క ఒకటి, కుడిపక్క ఒకటి," అని కూర్చున్నాడు. జత పెట్టారు. బరువు దాటిపోయింది, కొంచెం కూడా కాదు, బాగా దాటింది.

అత్యవసర సమావేశం పెట్టారు. జీడిపప్పు వచ్చింది, టీ వచ్చింది, చతుర్భుజరావుగారు వచ్చారు.

"తప్పనిసరి వస్తువులేవి, ఐచ్ఛిక వస్తువులేవి, విడదీయండి," అన్నారాయన.

నరసింగరావు లేచి చదివాడు. శబ్దం, జీవో ప్రకారం తప్పనిసరి. గాలి, శబ్దానికి తప్పనిసరి. పెట్టె, గాలికి తప్పనిసరి. కెమెరా వేరే శాఖవారిది, ముట్టుకుంటే పోట్లాట. ఆ తర్వాత నరసింగరావు గొంతు సవరించుకుని, ఎవరి మొహమూ చూడకుండా, "ఇంజను," అన్నాడు.

"ఇంజను ఉండవలెనని ఏ జీవోలో ఉన్నది?"

చతుర్భుజరావుగారు జీవో కాగితం తీసి వేలు పెట్టి చూపించారు.

"'ప్రతి యంత్రమూ శబ్దము చేయవలెను' అన్నారు గానీ 'యంత్రము ఉండవలెను' అని ఎక్కడా అనలేదు. కావున సదరు ఇంజను ఐచ్ఛికము."

సువర్చల కుర్చీ వెనక్కి పడేలా లేచింది. "ఏమిటండీ ఈ అన్యాయం! ఇంజను కోసం కదా చప్పుడు! ఇంజనే తీసేస్తే ఆ చప్పుడు దేనిదండీ? అసలు ఇంజను లేకపోతే ఉపగ్రహం పడిపోతుంది. కొన్నాళ్ళకి కిందికి జారి జారి కాలిపోతుంది. మీకు ఆ మాత్రం అర్థం కావట్లేదా?"

"పడిపోకూడదని కూడా జీవో ఏదీ లేదు," అన్నారు చతుర్భుజరావు శాంతంగా. "మీ అభ్యంతరం నమోదు చేసుకుంటాం."

చేసుకున్నారు. "డాక్టర్ సువర్చల చర్చలో ఉత్సాహంగా పాల్గొన్నారు," అని రాసుకున్నారు.

ఆవిడ రాజీనామా చేసేస్తానని నరసింగరావు దగ్గరికి వెళ్ళింది. ఆయన తలుపు దగ్గరగా వేసి, "నువ్వు వెళ్ళిపోతే ఆ ఇంజనుకి దిక్కెవరమ్మా? ఈ ఒక్కసారికి ఓర్చుకో. ఈ ప్రయోగం సజావుగా జరిగిపోతే వాళ్ళు సంతోషిస్తారు. తర్వాతి ఉపగ్రహంలో నీ ఇంజనొక్కటే పంపిద్దాం. నాదీ పూచీ," అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. పూచీ ఇచ్చేటప్పుడు నిజంగానే ఇస్తాడు. ఆవిడ నమ్మి, కళ్ళు తుడుచుకుని, స్పీకర్లు బిగించడం సరిగ్గా జరుగుతోందో లేదో చూసుకోవడానికి వెళ్ళింది.

రాకెట్టు నిప్పులు కక్కుతూ వెళ్ళింది. ఆ చప్పుడు విని చతుర్భుజరావుగారు ముచ్చటపడి, ఇది కదా శాఖ నియమాలు పాటించడమంటే అన్నారు. ఉపగ్రహం కక్ష్యలోకి చేరాక, సంస్థ నియంత్రణ గదిలో మంత్రిగారు మీట నొక్కారు. ముందు సన్నాయి వినిపించింది. తర్వాత, అనంతమైన రోదసిలోంచి, డగడగడగడగమని రైసుమిల్లు.

గది దద్దరిల్లిపోయింది. మంత్రిగారు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. కొందరికి నిజంగానే కళ్ళనీళ్ళొచ్చాయి. "తెలుగు ఇంజను మోత ఆకాశంలో" అని మర్నాడు పేపర్లు రాశాయి. పోలారావుకి అక్కణ్ణించి ఊపిరాడని పెళ్ళిళ్ళు. సువర్చలని స్టేజీ ఎక్కించి శాలువా కప్పారు. ఇంజను కనిపెట్టినందుకని చెప్పారు. ఆ ఇంజను వెనక గదిలో బల్ల మీద గుడ్డ కప్పుకుని ఉందని చెప్పబోతే, ఫొటోగ్రాఫరు ఇటు చూడండి మేడమ్ అన్నాడు.

కొన్ని వారాలకి ఉపగ్రహం కిందికి జారడం మొదలైంది. నియంత్రణ గదిలోవాళ్ళు కంగారుపడి చతుర్భుజరావుగారికి కబురు పెట్టారు.

"శబ్దం వస్తున్నదా?" అని అడిగారాయన రాగానే.

"వస్తోందండీ. ఆగకుండా వస్తోంది."

"అయితే చాలడం లేదన్నమాట. పెంచండి."

"సార్," అంది సువర్చల, "అక్కడ ఇంజను లేదు. చప్పుడు పెంచితే బండి పైకి లేవదు."

"ప్రయత్నించకుండానే లేవదనడం శాస్త్రీయ దృక్పథం కాదు," అన్నారు చతుర్భుజరావు. పోలారావు లేచి వచ్చి మీట పూర్తిగా తిప్పాడు. "బేసు కూడా ఏసేస్తున్నా సార్," అన్నాడు. ఆ వారమంతా సంస్థలో ఎవరి మాట ఎవరికీ వినపడకుండా రైసుమిల్లు మోగింది. ఉపగ్రహం జారుతూనే ఉంది. ఒకనాటి పొద్దున్న, టిఫిన్ల వేళకి, డగడగలాడుతూ డగడగలాడుతూ ఠక్కున ఆగిపోయింది. కాలిపోయింది పాపం.

ఇక సమీక్ష. సువర్చల ధైర్యం చేసుకుని ముందు వరసలో కూర్చుంది. ఇప్పటికైనా వీళ్ళకి తెలిసొచ్చి ఉంటుంది, తర్వాతి ఉపగ్రహం ఇంజనుకే ఇస్తారనుకుంది. పిచ్చి మనిషి.

"ఇంజను చివరి క్షణం వరకూ గర్జించినది," అని చతుర్భుజరావుగారు మొదలుపెట్టారు. "ఒక్క నిమిషం ఆగలేదు. ఒక్కసారి తొట్రుపడలేదు. లోపం ఉపగ్రహానిది. దానికి నిలబడే శక్తి లేకపోయినది. ఏతావాతా మన ఇంజను రోదసిలో నిరూపితమైనది. నిరూపితమైనదానిని మరల నిరూపించబోవుట ప్రజాధన దుర్వినియోగం కనుక, ఈ ప్రాజెక్టును విజయవంతంగా మూసివేయడమైనది."

సువర్చల చివాలున తిరిగింది. నరసింగరావు వైపు చూసింది. ఆయన బల్ల మీది నీళ్ళగ్లాసు వైపు చూశాడు.

"విధి నిర్వహణలో గగనమండలమున దగ్ధమైన సదరు ఇంజను స్మృత్యర్థం," అన్నారు చతుర్భుజరావు, "ఈ సభ లేచి మౌనం పాటిస్తుంది." అందరూ లేచారు. శబ్ద అమలు శాఖ చరిత్రలో మౌనం పాటించడం అదే మొదలు.

"కాలిపోలేదండీ!" అని అరిచిందావిడ, ఆ మౌనంలో. "నా ఇంజను కాలిపోలేదు! అసలు వెళ్ళనే లేదు! నా గదిలో బల్ల మీదుంది, వచ్చి చూడండి!"

చతుర్భుజరావుగారు మౌనం పూర్తయ్యేదాకా ఆగి, ఓపిగ్గా చెప్పారు. "ప్రభుత్వం మంజూరు చేసినది ఒక్క ఇంజను. అది దగ్ధమైనది. దానికి మేము మౌనం కూడా పాటించితిమి. కావున మీ బల్ల మీదున్నది ఇంజను కాదు. అదేమిటో సంస్థకు తెలియదు. సాయంత్రంలోగా తీసివేయించండి."

సువర్చల ఇంజనుని విప్పి, తువ్వాలులో చుట్టి, కూరల సంచీలో పెట్టుకుంది. ఒక మరను రెండుసార్లు జారవిడిచింది. బయటికి పట్టుకెళ్ళడానికి గేటు పాసు అడిగితే, లేని వస్తువుకి పాసు రాయడం కుదరదన్నారు. సంచీ చంకన పెట్టుకుని అలాగే గేటు దాకా నడిచింది.

గేటు దగ్గర కాపలా మనిషి సన్యాసి లేచి నిలబడ్డాడు. "సంచీలో ఏటి మేడమ్?"

"ఇంజను."

"పాసుందా?"

"లేదు సన్యాసీ. ఇది లేనట్టేనట. లేనిదానికి పాసివ్వరట."

సన్యాసి బుర్ర గోక్కున్నాడు. "లేందైతే ఎలిపోండి మేడమ్. ఉన్నదైతేనే నాను ఆపాల," అని గేటు తీశాడు. ఆవిడ దాటుతుంటే సంచీలోకి తొంగిచూసి, ఊరికే, తోచక అడిగినట్టు అడిగాడు. "పన్జేస్తాదా మేడమ్ ఇది?"

సువర్చల ఆగిపోయింది. ఎన్ని సంఘాలు, ఉపసంఘాలు, ఎన్ని శాలువాలు. చప్పుడొస్తుందా అన్నారు, బరువెంత అన్నారు, ఏ జీవోలో ఉందన్నారు. పనిచేస్తుందా అని ఒక్క మనిషి అడగలేదు.

"చేస్తుంది," అంది. "చాలా బాగా చేస్తుంది సన్యాసీ." అంతే, ఇంక నిలబడలేకపోయింది. గేటు బయట రాతి మీద కూలబడి, సంచీ ఒళ్ళో పెట్టుకుని, చిన్నపిల్లలా గట్టిగా ఏడ్చేసింది. "ఊరుకోండమ్మా, ఊరుకోండి," అని సన్యాసి మంచినీళ్ళకి పరిగెత్తాడు.

లోపల ప్రాజెక్టు విజయోత్సవమని పోలారావు రైసుమిల్లు పెట్టాడు. ఆవిడ ఏడుపు ఇంకెవరికీ వినపడలేదు.